కొరియా బురద, లష్కర్ కుండ

బురదను అమ్ముకోవడానికి పుట్టిన పండగ

దక్షిణ కొరియా పడమటి తీరంలో, సియోల్‌కు దాదాపు 200 కిలోమీటర్ల దక్షిణాన బోర్యోంగ్ అనే ఊరుంది. ఏటా జూలైలో అక్కడ బురద పండగ జరుగుతుంది. ఆ దేశపు వేసవి పండగల్లో విదేశీయులు ఎగబడి వెళ్లేది దీనికే. కొరియాలో చదువుకుంటున్నవాళ్లు, బడుల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు పొద్దున్నే రైలెక్కి వస్తారు. ఒంటి నిండా బురద పూసుకుని, సముద్రంలో కడుక్కుని, రాత్రికి గూటికి చేరతారు. మన హైదరాబాద్, సికింద్రాబాద్ పిల్లలు కూడా చదువులకు, ఉద్యోగాలకు సియోల్, సువన్, దేజన్ నగరాలకు వెళ్తున్న రోజులివి. కాబట్టి ఈ పండగ సంగతులు మనవాళ్లకూ కావలసినవే.

ఇంత పేరున్న పండగకు స్థలపురాణమేమీ లేదు. తిథి లేదు, దేవుడు లేడు. 1996లో ఆ ఊరివాళ్లు తమ తీరంలోని నల్లటి మెత్తటి బురదను శుభ్రం చేసి ముఖానికి రాసుకునే లేపనాలు, సబ్బులు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ బురదలో ఖనిజాలున్నాయి, చర్మానికి మంచిదని చెప్పారు. చెబితే సరిపోదు కదా, జనం ఒంటికి తగిలించి చూపించాలి. అందుకే 1998లో పండగ పెట్టారు. సరుకు అమ్మడానికి వేసిన ఆ ఎత్తు చివరికి సరుకు కన్నా పెద్దదైంది. బోర్యోంగ్ పేరు వినగానే ఈ రోజు ఎవరికీ సబ్బు గుర్తుకు రాదు, పండగే గుర్తుకొస్తుంది.

బొగ్గు పోయాక

బోర్యోంగ్ అంతకు ముందు బొగ్గు ఊరు. 1980ల చివర్లో కొరియా ప్రభుత్వం లాభం లేని గనులను ఒక్కొక్కటిగా మూసేయడం మొదలుపెట్టాక ఆ ప్రాంతం బతుకుతెరువు పోయింది. ఆ దేశంలో మొట్టమొదటి బొగ్గు మ్యూజియం 1995లో వెలసింది ఇక్కడే. మ్యూజియం వచ్చిన మరుసటి ఏడు బురద లేపనం, ఇంకో రెండేళ్లకు పండగ. గని మూతపడితే ఊరు ఎలా కళ తప్పుతుందో ఇల్లందు, కొత్తగూడెం వైపు వాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. భూమి లోపలిది అయిపోయాక భూమి మీద కాలికి అంటుకునేదాన్నే పట్టుకుని నిలబడ్డారు బోర్యోంగ్ జనం. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఒక రోజు అక్కడ ఏం చేస్తారు?

పండగ జరిగేది దేచన్ బీచ్‌లో. పొడవు మూడున్నర కిలోమీటర్లు. అక్కడి ఇసుకలో చాలా భాగం గవ్వలు, ఆల్చిప్పలు అరిగి అరిగి పొడి అయిందే. ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆ బీచ్‌లో బురద ఉండదు. అది శుభ్రమైన ఇసుక తీరం. పండగ బురదను చుట్టుపక్కల బురద నేలల నుంచి సేకరించి, శుద్ధి చేసి, ఇక్కడికి తెచ్చి పోస్తారు.

టికెట్ కొన్నవాళ్లను కంచె వేసిన ఆట స్థలంలోకి వదులుతారు. గాలి నింపిన జారుడుబల్లలు, బురద తొట్లు, బురదలో కుస్తీ, అడ్డంకులు దాటే పరుగు పందెం ఉంటాయి. 'బురద జైలు' అని ఒకటుంది. కటకటాల వెనక మనుషుల్ని నిలబెట్టి, బయటివాళ్లు బకెట్లతో బురద కొడతారు. లోపలున్నవాళ్లు కొట్టించుకోవడానికే వరసలో నిలబడి మరీ వెళ్తారు. రంగు కలిపిన బురదతో ఒంటి మీద బొమ్మలు వేసే చోటు వేరే ఉంది. సాయంత్రమయ్యేసరికి పాటల కచేరీలు, బాణసంచా.

నాకు ఈ వర్ణనలన్నిటిలోనూ నచ్చింది ఒకటే. బురద పూసుకున్న పావుగంటకు ఎవరు ఏ దేశం వాళ్లో తెలియదు. చర్మం రంగు తెలియదు, బట్టల ఖరీదు తెలియదు. పరాయి దేశంలో ఏడాదంతా 'విదేశీయుడు' అనిపించుకుంటూ బతికే కుర్రాడికి అదెంత ఊరటో ఊహించండి. భాష రాకపోయినా ఆ పూట ఇబ్బంది లేదు. బురద కొట్టడానికి వ్యాకరణం అక్కర్లేదు.

ఉప్పు వేస్తే పైకొచ్చే జీవి

కొరియా పడమటి తీరంలో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఇంచియాన్ దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటి మట్టం 9 మీటర్ల దాకా మారుతుంది. అంటే మూడంతస్తుల మేడంత. నీళ్లు వెనక్కి పోయినప్పుడు కిలోమీటర్ల మేర బురద నేల బయటపడుతుంది. దాన్ని వాళ్లు 'గెత్‌బోల్' అంటారు. పీతలు, ఆల్చిప్పలు, వేల మైళ్లు ఎగిరి మధ్యలో ఆగే వలస పక్షులు, అన్నీ దాని మీదే బతుకుతాయి. 2021లో కొరియాలోని నాలుగు గెత్‌బోల్ ప్రాంతాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బోర్యోంగ్ పొరుగునే ఉన్న సొచన్ తీరం వాటిలో ఒకటి.

ఆ బురదలో పొడుగ్గా, చాకు పిడిలా ఉండే ఒక రకం ఆల్చిప్ప నిటారుగా దాక్కుంటుంది. దాన్ని తవ్వి తీయాలని చూస్తే అంతకన్నా వేగంగా కిందికి దిగిపోతుంది. ఊరివాళ్లు తవ్వరు. పైపైన మట్టి గీకి, దాని కన్నం కనబడగానే చిటికెడు ఉప్పు వేస్తారు. ఉప్పు ఘాటు భరించలేక ఆ జీవి తానే పైకి తన్నుకొస్తుంది. పట్టుకోవడమే తరువాయి. పండగకు వెళ్లిన పిల్లలు కుస్తీల కంటే దీన్నే ఎక్కువ రోజులు చెప్పుకుంటారు.

అక్కడికి దగ్గర్లోనే మూచంగ్‌పో అనే తీరం ఉంది. పౌర్ణమికి, అమావాస్యకు అటూఇటూ కొన్ని రోజుల్లో సముద్రం పాయగా విడిపోయి, ఎదురుగా ఉన్న చిన్న దీవి దాకా కిలోమీటరున్నర దారి తేలుతుంది. జనం బుట్టలు పట్టుకుని నడిచి వెళ్లి, నీళ్లు తిరిగొచ్చేలోపు వెనక్కి వచ్చేస్తారు.

కాలు పెట్టనివ్వని రోజులు

ఇప్పుడు మన సికింద్రాబాద్ సైనిక్‌పురి దగ్గరికి వస్తాను. ఈ విశేషాలు పోగు చేయాలనిపించింది అసలు ఇందుకే.

సైనిక్‌పురి వీధుల్లో నడిస్తే గేట్ల పక్కన పేరు పలకల మీద కల్నల్, వింగ్ కమాండర్, బ్రిగేడియర్ అన్న హోదాలు కనిపిస్తాయి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు స్థిరపడిన కాలనీ ఇది. పేరులోనే ఉంది. ఇప్పుడు ఆ వీధుల్లోనే కాఫీ షాపులు, రకరకాల దేశాల వంటకాలు అమ్మే హోటళ్లు వచ్చాయి. కొరియన్ సీరియళ్లు చూసే పిల్లలు ఇంటింటా ఉన్నారు. ఆ పిల్లలకు కొరియా అంటే పాటలు, నూడుల్స్. వాళ్ల తాతల తరం సైన్యానికి మాత్రం కొరియా అంటే మరొకటి. ఆ కథ పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

1953 జూలై 27న కొరియా యుద్ధ విరమణ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తమ దేశాలకు తిరిగి వెళ్లబోమన్న యుద్ధఖైదీలు 22 వేల మందికి పైగా తేలారు. వాళ్ల సంగతి చూడడానికి తటస్థ దేశాలతో ఒక కమిషన్ వేశారు. దానికి అధ్యక్షుడు మన లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీల కాపలా బాధ్యత మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ నాయకత్వంలోని భారత దళానిది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి మాత్రం మన తటస్థత మీద నమ్మకం లేదు. భారత సైనికుడు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని పట్టుబట్టాడు.

అప్పుడేం చేశారో వింటే ఆశ్చర్యమేస్తుంది. ఓడల్లో ఇంచియాన్ దాకా వెళ్లిన మన జవాన్లను రేవులో దించలేదు. అమెరికన్ నౌక 'పాయింట్ క్రూజ్' మీదికి చేర్చి, అక్కడి నుంచి హెలికాప్టర్లలో ఎక్కించి, నేరుగా రెండు కొరియాల నడుమ సైన్యరహిత మండలంలో దించారు. ఒకరిద్దరిని కాదు, దాదాపు 6 వేల మందిని. కింద కనిపిస్తున్న నేలను తాకకుండా దాని మీదుగా ఎగిరి వెళ్లారు. అక్కడ గుడారాలు వేసుకుని, ఆ శిబిరానికి 'హింద్ నగర్' అని పేరు పెట్టుకుని, ఆ ఎముకలు కొరికే చలిలో నెలల తరబడి కాపలా కాశారు.

మనవాళ్ల కాలు తగలకూడదన్న అదే పడమటి తీరంలో ఈ రోజు మన పిల్లలు మోకాళ్ల దాకా దిగబడి ఆడుతున్నారు. బోర్యోంగ్‌లో బురద చల్లుకునే రోజుల్లోనే చాలా ఏళ్లు ఆ జూలై 27 కూడా వచ్చి పోతుంది.

రైలు నడిపిన డాక్టర్లు

పైగా రీ ఆ మాట అనేనాటికి దాదాపు మూడేళ్లుగా మన సైనిక వైద్యులు కొరియా నేల మీదే ఉన్నారు. 60వ పారాచ్యూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే ఆ దళంలో 346 మంది. నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. 1950 నవంబరులో బుసాన్ రేవులో దిగారు. వెళ్లిన కొద్ది రోజులకే చైనా సైన్యాలు విరుచుకుపడ్డాయి. ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి వచ్చేయమని ఆదేశం. వాహనాలు లేవు. మందులు, పరికరాలు వదిలేసి రావాలి. వదలడానికి వాళ్లకు మనసొప్పలేదు. స్టేషన్లో పాత ఆవిరి ఇంజన్ ఒకటి, కొన్ని పెట్టెలు దొరికాయి. దళంలో ఇంజన్ పని తెలిసినవాళ్లున్నారు. నీళ్లు మోసి నింపి, నిప్పు రాజేసి, సామానంతా ఎక్కించి, వంతెన పేల్చేసే లోపు నది దాటించారు.

1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాచ్యూట్ దళంతో పాటు ఈ వైద్య దళంలోని కొందరు కూడా విమానాల్లోంచి దూకారు. చేతిలో ఆయుధాలు కాదు, మందుల సంచులు. యుద్ధం ముగిసేసరికి సైనికులు, పౌరులు అంతా కలిపి దాదాపు 2 లక్షల మందికి ఆ దళం వైద్యం చేసింది. రంగరాజ్‌కు మన ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. 2020 జూలైలో కొరియా ప్రభుత్వం ఆయనను ఆ నెల యుద్ధవీరుడిగా ప్రకటించి స్మరించుకుంది.

మద్రాసు చేరిన 88 మంది

ఖైదీల్లో 88 మంది ఉత్తరానికీ వెళ్లమన్నారు, దక్షిణానికీ వెళ్లమన్నారు, చైనాకూ వెళ్లమన్నారు. మూడో దేశం కావాలన్నారు. 76 మంది కొరియన్లు, 12 మంది చైనీయులు. 1954 ఫిబ్రవరిలో మన దళం తిరిగొచ్చేటప్పుడు వాళ్లను కూడా ఓడలో మద్రాసుకు తీసుకొచ్చింది. తర్వాత కొందరు బ్రెజిల్, అర్జెంటీనా దేశాలకు వెళ్లారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. కొరియన్ రచయిత చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన 'గ్వాంగ్‌జాంగ్' నవలలో కథానాయకుడు ఇలాంటి ఖైదీయే. అతడు భారతదేశానికి బయలుదేరిన ఓడకు రచయిత పెట్టిన పేరు 'టాగూర్'.

అదే బురద, మరో పని

1950 సెప్టెంబరు 15న అమెరికన్ జనరల్ మెకార్థర్ ఇంచియాన్‌లో సేనలు దించాలనుకున్నప్పుడు అధికారులంతా భయపడింది శత్రువుకు కాదు, ఆటుకు. నీళ్లు వెనక్కి పోతే ఓడలు బురదలో కూరుకుపోతాయి. పొద్దున ఒక పోటు, సాయంత్రం ఒక పోటు. ఆ కొద్ది గంటల్లోనే పని జరగాలి. యుద్ధ చరిత్రల్లో గండంగా రాసుకున్న ఆ తీరపు బురదే ఇప్పుడు బోర్యోంగ్‌లో డబ్బాల్లో నింపి అమ్మే సరుకు.

అంతేకాదు, ఎగుమతి కూడా. న్యూజిలాండ్‌లో రోటరువా అనే ఊరు వేడి బురద గుంటలకు లోకప్రసిద్ధి. అక్కడ 2017 డిసెంబరులో బురద పండగ పెట్టాలనుకున్నప్పుడు బోర్యోంగ్ నుంచి 5 టన్నుల బురద పొడి తెప్పించారు. ఇంట్లో బురద పెట్టుకుని బయటి నుంచి కొనడమేమిటని అక్కడ పెద్ద గొడవే జరిగింది.

లష్కర్‌కు అమ్మవారిని తెచ్చిన సైనికోద్యోగి

బోర్యోంగ్‌లో బురద పండగ ఏర్పాట్లు జరిగే రోజుల్లో మన దగ్గర ఆషాఢం. ఆషాఢమంటే బోనాలు. గోల్కొండ జగదాంబ దగ్గర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహాకాళికి, ఆ తర్వాత లాల్ దర్వాజా సింహవాహినికి. సికింద్రాబాద్ బోనాలను 'లష్కర్ బోనాలు' అంటాం. లష్కర్ అంటే సైన్యం. ఆ పేరు ఊరికే రాలేదు.

సురిటి అప్పయ్య అనే ఆయన సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి. 1813లో ఆయన పటాలం ఉజ్జయినిలో ఉంది. అప్పుడే ఇక్కడ కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతున్నారని కబురు అందింది. అప్పయ్య ఉజ్జయిని మహాకాళి గుడికి వెళ్లి, మా ఊరు గట్టెక్కితే నిన్ను మా ఊళ్లో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో కర్ర విగ్రహం నిలబెట్టాడు. తర్వాత దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. దూర దేశానికి ఉద్యోగానికి వెళ్లిన మనిషి ఒకడు అక్కడి గుడిని, అక్కడి తల్లిని తన ఊరికి తెచ్చుకున్నాడు. పరాయి చోటు పండగను చూసి రావడం గురించి మాట్లాడుకుంటున్నాం కదా. మన లష్కర్ పండగ మొదలైందే అలా. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండగ చేసింది.

కుండ మీద నిలబడి

బోనాల మర్నాడు, సోమవారం పొద్దున, మహాకాళి గుడిలో రంగం జరుగుతుంది. మాతంగి పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. ఏళ్లుగా ఆ స్థానంలో స్వర్ణలత చెబుతున్నారు. వానలెలా ఉంటాయి, పంటలెలా ఉంటాయి, మీరు నాకు చేసిన సేవలో లోపమేమిటి అని అమ్మవారు ఆమె నోట పలుకుతుందని నమ్మకం. కాల్చని కుండ మనిషి బరువుకు పగలకుండా నిలవడమే మహిమ.

ఇప్పుడు కొరియా సంగతి వినండి. అక్కడ 'ముదంగ్' అనే పూనకం స్త్రీలున్నారు. వాళ్లు చేసే క్రతువు పేరు 'గుత్'. అందులో పదునైన కత్తుల అంచు మీద ఉత్త కాళ్లతో నిలబడడం పేరుపొందిన ఘట్టం. అంతకన్నా మనకు దగ్గరగా అనిపించేది ఇంకొకటుంది. హ్వాంగ్‌హే ప్రాంతపు సంప్రదాయంలో ముదంగ్ నీళ్లు నిండిన కుండ అంచు మీదికెక్కి, అక్కడ నిలబడి దేవతల మాట చెబుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లు చేతులు జోడించి వింటారు.

రెండు దేశాలు, వేల మైళ్ల దూరం. ఒకరి దగ్గర నుంచి ఒకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారమేమీ లేదు, అలా చెప్పను కూడా. కానీ రోగాలు, వానలు, పంటలు తన చేతిలో లేవని తెలిసిన పల్లె మనిషి రెండు చోట్లా ఒక ఆడమనిషిని కుండ మీద నిలబెట్టి జవాబు అడిగాడు. ఉజ్జయిని గుడి దగ్గర తొక్కిసలాటలో నిలబడి రంగం విన్నవాళ్లకు కొరియాలో గుత్ చూస్తే కొత్తగా అనిపించదు. బురదాటకు వెళ్లే మన పిల్లలు వీలు చూసుకుని ఎప్పుడైనా ఇది కూడా చూసి రావాలని నా కోరిక.

ఊరందరి బియ్యం

గుత్ చూడడానికి తగిన చోటు తూర్పు తీరంలోని గాంగ్‌నుంగ్. అక్కడ చాంద్రమానం ప్రకారం అయిదో నెల అయిదో రోజున 'దానో' పండగ. మన లెక్కలో దాదాపు జ్యేష్ఠ శుద్ధ పంచమి ప్రాంతం. 2005లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ కళగా గుర్తించింది. ఈ పండగకు దేవుడికి పెట్టే మద్యాన్ని ఎవరో ఒకరు కొని తేరు. ఊరి జనం ఇంటింటి నుంచి ఇచ్చిన బియ్యాన్ని పులియబెట్టి చేస్తారు. తర్వాత అందరికీ ప్రసాదంగా పోస్తారు. బోనం కుండలో పాలు, బెల్లం వేసి వండిన అన్నం, దాని మీద వేపకొమ్మ, దీపం, పక్కన సాక పోయడం చూసినవాళ్లకు ఇందులో తికమకేమీ ఉండదు.

దానో నాడు ఆడవాళ్లు వస నీళ్లతో తలంటుకుంటారు. అవును, మనం పసిపిల్లలకు అరగదీసి నాకించే వస జాతి మొక్కే. ఎత్తయిన ఊయలలు కట్టి నిలబడి ఊగుతారు. మన అట్లతద్ది ఊయలలంత పెద్దవి, ఇంకా పెద్దవి. మగవాళ్లకు 'సిరుమ్' కుస్తీలు. 2018లో ఈ కుస్తీని ఉత్తర, దక్షిణ కొరియాలు రెండూ కలిసి యునెస్కో జాబితాలో నమోదు చేయించుకున్నాయి. ఆ రెండు దేశాలు కలిసి నమోదు చేయించిన మొదటి వారసత్వం అదే.

పారలు కడుక్కునే రోజు

మన రైతుకు జ్యేష్ఠ పౌర్ణమి ఏరువాక. నాగలి కట్టే పండగ. కొరియాలో ఏడో నెల పౌర్ణమి చుట్టుపక్కల పని ముగిసిన పండగ ఉంది. వరిలో చివరి కలుపు తీశాక కొంకి పారలు కడిగి పక్కన పెట్టి, పాలేర్లకు కొత్త బట్టలు, తిండి, తాగుడు ఇచ్చి ఆటవిడుపు ఇచ్చేవారు. బాగా పండించిన పాలేరును ఎద్దు మీద ఎక్కించి ఊరేగించేవారు.

వేడికి వేడే మందు

మనకు మే ముగిస్తే ఎండ తగ్గుతుంది. వాళ్లకు జూలై, ఆగస్టుల్లోనే మంట. ఆ కాలంలో మూడు రోజులను 'సాంబోక్' అంటారు. వాటి లెక్క ముచ్చటగా ఉంటుంది. మన ప్రభవ, విభవల్లాగే తూర్పు ఆసియాలో కూడా 60 ఏళ్ల చక్రం ఉంది. ఆ చక్రంతోనే రోజులనూ లెక్కపెడతారు. దానిలో పది రోజులకొకసారి వచ్చే 'గ్యోంగ్' దినాల్లో, వేసవి అయనాంతం తర్వాత మూడోది మొదటి బోక్, నాలుగోది రెండో బోక్. శరదృతువు ఆరంభం తర్వాత వచ్చే మొదటి గ్యోంగ్ దినం చివరిది. ఆ చక్రం పుణ్యాన 60 నిండినవారికి 'హ్వాన్‌గాప్' అని వేడుక చేస్తారు. అదే మన షష్టిపూర్తి.

ఆ మూడు మండే రోజుల్లో కొరియన్లు చల్లటివి తినరు. పిల్ల కోడి పొట్టలో జిగురు బియ్యం, వెల్లుల్లి, ఖర్జూరంలాంటి జుజుబీ పండ్లు, జిన్‌సెంగ్ వేరు కూరి, మట్టి గిన్నెలో కుతకుత ఉడుకుతుండగానే తెచ్చి పెడతారు. పేరు సామ్‌గ్యేతాంగ్. చెమటలు కారేలా తింటారు. వేడిని వేడితోనే గెలవాలని వాళ్ల నమ్మకం. మృగశిర కార్తె నాడు ముషీరాబాద్ మార్కెట్లో చేపల కోసం బారులు తీరే మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. కాలం మారే వేళ ఒంటికి బలం పట్టించాలన్నది ఒకటే లెక్క.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. అక్కడ కూరగాయల సూప్ అన్నా అందులో ఎండు చేపల రసం ఉండవచ్చు. కిమ్చిలో కూడా పులియబెట్టిన చేపల రసం, రొయ్యల ఊరగాయ కలుపుతారు. వేసవిలో దొరికే 'కోంగుక్సు' అడగండి. నానబెట్టి ఉడికించిన సోయా గింజల పాలు చల్లబరిచి, అందులో నూడుల్స్ వేసి ఇస్తారు. ఉప్పు మీరే వేసుకోవాలి.

మన దగ్గరి కొరియన్లు

ఈ రాకపోకలు ఒకవైపే లేవు. ఒకప్పుడు విజయనగర రాజుల రెండో రాజధానిగా చదువుకున్న పెనుకొండ పక్కన, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాంతో పాటు కొరియన్ కుటుంబాలు, వాళ్ల హోటళ్లు, హంగుల్ అక్షరాల బోర్డులు కూడా అనంతపురం ప్రాంతానికి వచ్చాయి. వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కొరియాకు చెందిన యంగ్‌వన్ సంస్థ అడుగుపెట్టింది. వీళ్లలో ఎవరైనా ఆషాఢంలో సికింద్రాబాద్ వైపు వస్తే లష్కర్ బోనాలకు తీసుకెళ్లండి. పోతరాజు కొరడా ఝళిపిస్తూ ముందు నడవడం, ఫలహార బండ్లు, తొట్టెలు చూపించండి. రంగానికి సోమవారం పొద్దున్నే గుడి దగ్గరుండాలని ముందే చెప్పండి.

వెళ్లేవాళ్లకు దారి

సియోల్‌లో యోంగ్‌సాన్ స్టేషన్ నుంచి జాంగ్‌హాంగ్ లైన్ రైలెక్కితే రెండున్నర గంటలకు కాస్త అటూఇటూగా దేచన్ స్టేషన్. అక్కడి నుంచి సిటీ బస్సులో బీచ్. శని, ఆదివారాలకు టికెట్ ముందే తీసుకోండి. పాత బట్టలు వేసుకోండి, ఇంకో జత సంచిలో పెట్టుకోండి. ఫోన్‌కు నీళ్లు చొరబడని తొడుగు తప్పనిసరి. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి. కంట్లో బురద పడితే చేత్తో నలపకుండా మంచినీళ్లతో కడగండి. సాయంత్రం బీచ్ వెంట బొగ్గుల మీద ఆల్చిప్పలు కాల్చి పెట్టే హోటళ్లు వరసగా ఉంటాయి.

ఒకరోజు ముందే సియోల్ చేరితే యోంగ్‌సాన్‌లోనే ఉన్న యుద్ధ స్మారక మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. కొరియా యుద్ధంలో సైనికులను పంపిన దేశాలతో పాటు వైద్య సహాయం పంపిన దేశాలకూ అక్కడ చోటుంది. ఆ రెండో వరసలో భారత్ పేరు ఉంటుంది.